శనగ చేల మీద పిల్లి గద్దలు

వేటపక్షులను చూడాలంటే ఎక్కడికి పోవాలని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు అడిగితే చాలామంది గండికోట లోయనే చూపిస్తారు. అందులో తప్పు లేదు. పెన్న కోసుకుపోయిన ఆ నిలువు చరియల వంటి చోట్లనే కొండ గుడ్లగూబలు, పెద్ద డేగలు గూళ్ళు పెట్టుకుంటాయి. ఇంకొంచెం దూరం పోగలిగినవాళ్ళు లంకమల అభయారణ్యం పేరు చెబుతారు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించి, కడప జిల్లా పేరు ప్రపంచమంతా పాకింది ఆ అడవుల అంచుల నుంచే. పెద్దముడియం పేరు మాత్రం ఈ వరుసలో ఎవరూ చేర్చరు. చాళుక్యుల కథలో వచ్చే ముడివేము అగ్రహారం ఇదేనని చెప్పడం వల్ల చరిత్ర పుస్తకాల్లో దానికో చోటు దొరికింది గానీ పక్షుల పుస్తకాల్లో దొరకలేదు. అక్కడ ఉన్నదల్లా చదునైన నల్లరేగడి, బుడ్డశనగ చేలు, గట్ల మీద తుమ్మచెట్లు, పక్కన కుందూ ఏరు. అయితే చలికాలంలో మన దేశానికి వలస వచ్చే ఒక రకం వేటపక్షులకు కావలసింది సరిగ్గా ఆ చదునే. వాటి మంచిచెడ్డలు తేలేది అభయారణ్యాల కంచెల లోపల కాదు, ఇలాంటి చేలల్లోనే అన్నది ఇక్కడ చెప్పదలచుకున్న మాట.

ఆ పక్షులు పిల్లి గద్దలు. ఇంగ్లీషువాళ్ళు హారియర్లంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ పక్షుల మీద పుస్తకాలు రాసిన జెర్డన్ ఈ తెలుగు పేరును నమోదు చేశాడు. రేగడి నేలల్లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి: మాంటేగ్యూ హారియర్, పాలిడ్ హారియర్. రెండింటిలోనూ మగపక్షి బూడిద రంగు, రెక్కల కొసలు నలుపు. ఆడపక్షీ, ఏడాది నిండని పిల్లా గోధుమ రంగులో ఉండి, తోక మొదట్లో తెల్లటి పట్టీతో కనిపిస్తాయి. బూడిద మగపక్షుల్లో ఏది ఏదో చెప్పడం కాస్త సులువు. గోధుమ రంగు పక్షుల దగ్గరకు వచ్చేసరికి అనుభవజ్ఞులు కూడా మెడ చుట్టూ లేత పట్టీ ఉందా లేదా అని ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటారు. కొత్తగా చూసేవాళ్ళు రంగుల జోలికి పోకుండా ముందు ఎగిరే తీరు పట్టుకుంటే మేలు. మామూలు గద్ద ఎత్తున గుండ్రంగా తిరుగుతుంది. పిల్లి గద్ద చేను మీద మనిషెత్తులోనో అంతకంటే తక్కువలోనో, రెక్కలు రెండూ కొద్దిగా పైకెత్తి, నాలుగు తాడింపులు తాడించి ఒక తేలుడు తేలుతూ, చాళ్ళ వెంబడి పోయినట్టు పోతుంది. ఆ నిదానానికి కారణం ఉంది. దాని ముఖం గుడ్లగూబ ముఖంలా పళ్ళెం ఆకారంలో ఉంటుంది. ఆ ఈకల పళ్ళెం చప్పుళ్ళను చెవుల్లోకి మళ్ళిస్తుంది. అమెరికాలోని హారియర్ మీద 1982లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎర కంటికి కనబడకపోయినా చప్పుడు వచ్చిన చోటును అది కచ్చితంగా పోల్చుకోగలదని తేలింది. గడ్డిలో మిడత చిటుక్కుమన్నా, ఎలుక కదిలినా వినగలిగేంత కిందుగా, వినగలిగేంత మెల్లగా ఎగరడమే దాని వేట.

ఇదే చేల మీద వేరే వేటపక్షులూ ఉంటాయి. తెల్లగా, ఎర్రటి కళ్ళతో కరెంటు తీగ మీద కూర్చునే అడవి రామదాసు ఎలుకల కోసం గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. చలికాలపు అతిథి తొండల గద్దది, అంటే కెస్ట్రెల్‌ది, కూడా అదే పద్ధతి. పాముల గద్ద పేరులోనే దాని తిండి ఉంది. ఇవన్నీ చెట్టు మీదో స్తంభం మీదో చరియలోనో నిద్రపోతాయి. ఒక్క పిల్లి గద్దలు మాత్రం నేల మీద, నిలిచిన గడ్డిలో, గుంపుగా పడుకుంటాయి. పగలంతా ఒంటరిగా తిరిగే పక్షులు సూర్యాస్తమయానికి అటూ ఇటూ అరగంటలో ఒక్కొక్కటే వచ్చి ఒకే గడ్డిబీడులో దిగుతాయి. తెల్లవారగానే మళ్ళీ చెదిరిపోతాయి. శాస్త్రవేత్తలకు ఈ అలవాటు పెద్ద వరం. చెదిరిన పక్షులను చేను చేనుకూ తిరిగి లెక్కపెట్టడం అసాధ్యం. పడక దగ్గర నిలబడితే ఒక ప్రాంతంలోని పక్షులన్నీ తమంతట తామే వచ్చి లెక్కకు అందుతాయి. పైగా అవి అరగని ఈకలను, వెంట్రుకలను, మిడతల కాళ్ళను ఉండలుగా కక్కి అక్కడే వదిలి వెళతాయి. గుజరాత్‌లోని వేళావదర్ గడ్డిభూముల్లో దేశంలోకెల్లా పెద్ద పడక ఉంది. 1990లలో అక్కడ ఈ ఉండలను విప్పి చూసినప్పుడు ఎక్కువగా దొరికినవి మిడతల అవశేషాలే.

తెలుగునాట ఇలాంటి పడకల్లో పేరున్నది రోళ్ళపాడు. పెద్దముడియానికి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, అదే రేగడి పట్టీలో, నందికొట్కూరు వైపు ఉంటుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. పడక నుంచి వేటకు పది కిలోమీటర్లు పోవడం పిల్లి గద్దకు పెద్ద పని కాదు. పది కిలోమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే లోపల పడే నేల 314 చదరపు కిలోమీటర్లు. అందులో అభయారణ్యం రెండు శాతం లోపే. అంటే రోళ్ళపాడులో పడుకునే పక్షికి దొరికే తిండిలో చాలా భాగం చుట్టూ ఉన్న రైతుల చేలల్లోదే. సత్రంలో పడుకునే బాటసారి భోజనం ఊళ్ళో అడుక్కున్నట్టు. సత్రానికి ఎంత మంచి తలుపులు బిగించినా ఊళ్ళో గింజలు లేకపోతే బాటసారి నిలవడు. కాబట్టి పడక దగ్గర సాయంత్రం మనం లెక్కపెట్టే సంఖ్య ఆ ఆరు చదరపు కిలోమీటర్ల యోగ్యతాపత్రం కాదు. చుట్టూ వందల చదరపు కిలోమీటర్ల పొలాల ఆరోగ్యం ఆ అంకెలో ఉంటుంది.

ఆ సంఖ్య ఏమంటోంది? 1980ల మధ్యలో రోళ్ళపాడులో వెయ్యికి దగ్గరగా పిల్లి గద్దలు దిగేవని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు నమోదు చేశారు. ఈమధ్య కాలపు లెక్కలు వంద దాటడం కష్టంగా ఉంది. ఇది రోళ్ళపాడు ఒక్కదాని కథ అయితే పక్కన పెట్టవచ్చు. బెంగళూరులోని ఆట్రీ సంస్థకు చెందిన టి. గణేశ్, ఎం.బి. ప్రశాంత్ దేశంలోని పడకల లెక్కలను ముప్పై ఏళ్ళ మేర ఒకచోట చేర్చి 2018లో ప్రచురించారు. వచ్చే పక్షులు తగ్గుతున్నాయనే ఆ లెక్కలు సూచించాయి. 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక వేరే దారిలో వచ్చి అదే చోటికి చేరింది. ముప్పై వేల మంది పక్షి పరిశీలకుల నమోదుల మీద ఆధారపడ్డ ఆ నివేదిక ప్రకారం, వెన్నెముక ఉన్న జంతువులనూ కళేబరాలనూ తిని బతికే పక్షులే అన్నిటికంటే ఎక్కువగా తగ్గాయి, గడ్డిభూములనూ బయలు నేలలనూ నమ్ముకున్నవీ బాగా దెబ్బతిన్నాయి. పిల్లి గద్ద ఈ రెండు పద్దుల్లోనూ ఉంది. పాలిడ్ హారియర్‌ను ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా ప్రపంచ జాబితాలోనే రాశారు.

చేలల్లో ఏం మారిందన్నది కుందూ లోయ రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. జొన్న, కొర్ర, సద్ద వేసిన రోజుల్లో కోత తర్వాత మొదళ్ళు నిలిచేవి, సొప్ప నిలిచేది, పంట పెట్టని బీళ్ళు మధ్యమధ్య ఉండేవి. 1990ల తర్వాత ఈ రేగడి నేలల్లో శనగ విస్తరించిన తీరు వ్యవసాయ శాస్త్రవేత్తలే ఒక విప్లవమన్నంత వేగంగా సాగింది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ-11 రకం దానికి ఊపిరి. దాదాపు వంద రోజుల్లో పంట చేతికొస్తుంది. తర్వాత నంద్యాల పరిశోధన స్థానం నుంచి యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47 కూడా వచ్చింది. రైతుకు ఇవి నిజమైన లాభాలు, వాటిని తప్పుపట్టే హక్కు పక్షుల ప్రేమికులకు లేదు. విచిత్రమేమంటే శనగ చేను పిల్లి గద్దకు శత్రువు కూడా కాదు. మోకాలి ఎత్తైనా రాని పైరు మీద వేట సులువు. అక్టోబరులో విత్తనం పడే వేళకు పక్షి దిగుతుంది, కోతలయ్యాక మార్చిలో తిరుగు ప్రయాణం కడుతుంది. కాలపట్టికలు రెండూ కలిసిపోయాయి. పోయినవి రెండే: పడుకోవడానికి నిలిచిన గడ్డి, తినడానికి మందు తాకని పురుగు. రెవెన్యూ లెక్కల్లో ఆ గడ్డికి పేరు బంజరు. ఏ కొత్త పనికైనా మొదట చూపు పడేది దాని మీదే. రోళ్ళపాడు దగ్గర అలగనూరు జలాశయం గడ్డిని ముంచింది. పెద్దముడియం పొరుగున మైలవరం మండలంలో 1,000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన సోలార్ పార్కు కూడా మెట్ట నేలల మీదే వచ్చింది. నీరూ కరెంటూ అక్కర్లేదని ఎవరూ అనరు. ఆ నేలలో ఎవరు ఉంటున్నారో చూడకుండానే ఖాళీ అని రాసుకోవడమే తగని పని.

మందు సంగతికి వస్తే దానికి దూరదేశపు సాక్ష్యం ఒకటి చాలా గట్టిది. ఉత్తర అమెరికాలో పొదిగి, చలికాలానికి అర్జెంటీనా వెళ్ళి మిడతలు తిని బతికే స్వైన్సన్ గద్ద 1990లలో కొన్ని చోట్ల ఎందుకు తగ్గుతోందో తెలియక, కొన్నింటికి ఉపగ్రహ ట్యాగులు కట్టి వెంబడించారు. వెళ్ళి చూస్తే పొద్దుతిరుగుడు, పశుగ్రాసపు చేల పక్కన కళేబరాలు కుప్పలు. 1995-96 సీజనులో లెక్కకు దొరికినవే వేలు. మొత్తం ఇరవై వేల దాకా చచ్చి ఉంటాయని అంచనా. మిడతల మీద చల్లిన మోనోక్రోటోఫాస్ ఆ పని చేసింది. మన పత్తి రైతులకు తరాలుగా తెలిసిన పేరే అది. మిడతల మీద ఆ మందు వాడకుండా కట్టడి చేశాక అంత పెద్ద చావులు మళ్ళీ రాలేదు. పెద్దముడియంలోనూ అదే జరిగిందని దీని అర్థం కాదు. వలస గద్ద, మిడత, పంటపొలం, పురుగుమందు ఒకచోట కలిస్తే ఏమవుతుందో చెప్పే ప్రయోగం ప్రపంచంలో ఒకసారి జరిగిపోయిందని మాత్రమే. చచ్చిన పక్షి కనిపించేంత విషం లేకపోయినా నష్టం ఉంటుంది. పురుగు తగ్గినకొద్దీ పక్షి ఎక్కువసేపు ఎగరాలి. ఎలుకల మందుది వేరే దారి. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా బయట తిరుగుతుంది, అడవి రామదాసుకో గుడ్లగూబకో సులువుగా దొరికేది అదే. రాబందులకు పశువుల నొప్పిమందు డైక్లోఫెనాక్ ఏం చేసిందో అందరికీ తెలుసు. పశువులకు దాన్ని 2006లో నిషేధించేనాటికే దేశంలోని తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి.

పిల్లి గద్దల తగ్గుదలకు మన చేలే కారణమనడానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అవి పుట్టేది కజకిస్తాన్, రష్యా మైదానాల్లో. తమిళనాడులో ట్యాగు కట్టిన పక్షులు కజకిస్తాన్ దాకా వెళ్ళిన జాడలున్నాయి. తగ్గుదల అక్కడిదైతే మన శనగ చేలను ఎందుకు నిందించాలి? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. పాలిడ్ హారియర్ ఈమధ్య పడమటికి జరుగుతోంది కూడా. 2017లో నెదర్లాండ్స్‌లో తొలిసారి గూడు పెట్టింది. మన దగ్గర తగ్గినవాటిలో కొన్ని చావక, దారి మార్చుకుని ఉండవచ్చు. అయితే 1991లో సోవియట్ యూనియన్ కూలాక కజకిస్తాన్‌లో లక్షల హెక్టార్ల సాగు భూమిని వదిలేశారు, గడ్డి తిరిగి వచ్చింది. పుట్టిల్లే సర్వం నిర్ణయిస్తే తర్వాతి కాలంలో మన పడకలు కిటకిటలాడాలి. ముప్పై ఏళ్ళ లెక్కల్లో అది కనబడలేదు. రెండో సాక్ష్యం ఆఫ్రికాది. ఐరోపాలో పొదిగే మాంటేగ్యూ హారియర్లు సహారాకు దక్షిణాన సాహెల్ నేలల్లో చలికాలం గడుపుతాయి. అల్ముత్ ష్లైఖ్ బృందం వాటిని ట్యాగులతో ఏళ్ళ తరబడి అనుసరించి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, నేల ఎండి మిడతలు తగ్గేకొద్దీ అవి రోజుకు ఎగిరే సమయం పెంచుకుంటాయని, మరీ ఎండిన చోట గడిపినవి ఇంటికి ఆలస్యంగా బయలుదేరుతాయని తేలింది. ఒకే పక్షి ఏటా అవే చోట్లకు తిరిగి వస్తుందని కూడా చూశారు. అంటే చలికాలపు తిండి కరువు చలికాలంతో తీరిపోదు, అది గూడు దాకా వెంట వస్తుంది. కారణం అక్కడా ఇక్కడా అని పంచుకోవడం కంటే, మన వాటా మనం చూసుకోవడం వివేకం.

రెండో అభ్యంతరం లెక్కల గురించి. గడ్డి తగలబడితే, మేతకు పోతే, మరీ ఏపుగా పెరిగినా పిల్లి గద్దలు పడక మార్చేస్తాయి. రోళ్ళపాడులో తగ్గితే ఇంకెక్కడో పెరిగి ఉండవచ్చు కదా? ఉండవచ్చు. ఈ అభ్యంతరానికి జవాబు వాదనతో రాదు, వెతుకులాటతో రావాలి. రోళ్ళపాడు నుంచి కుందూ వెంట రాజోలి, పెద్దముడియం, జమ్మలమడుగు దాకా రేగడి పొడవునా చిన్న పడకలు ఎన్ని ఉన్నాయో వెతికి లెక్కపెడితే తప్ప వెయ్యి వందయిందా, వెయ్యి పది చోట్లకు చెదిరిందా తేలదు. పెద్దముడియం లాంటి పేరులేని చోటులో గద్దలను చూడటానికి పేరున్న పార్కులో చూడటం కంటే ఎక్కువ విలువ ఉన్నది అందుకే. పార్కు లెక్క ఇప్పటికే ఉంది. చేను లెక్కే లేదు.

మూడోది రైతు అడిగేది: ఈ గద్దల వల్ల నాకేం? ఇక్కడ పక్షుల పక్షాన మాట్లాడేవాళ్ళు కొందరు నోరు జారుతుంటారు. గద్దలుంటే మందు అక్కర్లేదన్నంత దూరం పోతారు. అది నిజం కాదు. శనగపచ్చ పురుగును పిల్లి గద్ద అదుపు చేయలేదు. దాని తిండి మిడతలు, ఎలుకలు, నేల మీద తిరిగే చిన్న పిట్టలు, బల్లులు. పురుగుల కోసం చేలో పక్షి స్థావరాలు నాటమని వ్యవసాయ శాఖ చెప్పే సలహా కూడా ముఖ్యంగా గోరింకలు, పాలపిట్టల వంటి వాటిని ఉద్దేశించిందే. పిల్లి గద్ద కర్ర మీద కాచుకుని కూర్చునే వేటగత్తె కాదు. దాని మేలు చిన్నది గానీ ఉత్తది కాదు. కీడు మాత్రం దాదాపు సున్నా. మగ మాంటేగ్యూ హారియర్ బరువు పావుకిలో పైచిలుకు. కోడిపెట్టను ఎత్తుకుపోయే శక్తి దానికి లేదు. పెరట్లో కోడిపిల్లను తన్నుకుపోయేది వేరే గద్ద, నింద మాత్రం అన్ని గద్దలకూ పడుతుంది.

అయితే పెద్దముడియంలో కూడా ఒక అభయారణ్యం ప్రకటిస్తే సరిపోదా? వద్దనే అనాలి. రోళ్ళపాడులో కంచె లోపల గడ్డి కాపాడితే కృష్ణజింకలు పెరిగి చుట్టూ పైర్ల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యం మీదే మనసు విరిగింది. ఎవరి కోసం కట్టారో ఆ బట్టమేక పిట్ట మాత్రం అక్కడ దాదాపు కనుమరుగైంది. పిల్లి గద్ద అడిగేది అంతకంటే చాలా తక్కువ: కుందూ గట్టునో, చెరువు పోరంబోకులోనో, పంచాయతీ బీడులోనో కొన్ని ఎకరాల గడ్డి అక్టోబరు నుంచి మార్చి దాకా తగలబెట్టకుండా, దున్నకుండా ఉండటం. పశువుల మేతకు అది అడ్డు కూడా కాదు, పూర్తిగా ఊడ్చిపెట్టకపోతే చాలు. చేలో పురుగు నష్టపరిచే స్థాయికి చేరిందో లేదో చూసి మందు కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నది పాటిస్తే, అది రైతు జేబుకూ పక్షి కడుపుకూ ఒకేసారి మేలు.

పడకలను వెతికి లెక్కపెట్టే పని ఊళ్ళో హైస్కూలు పిల్లలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులు చేయగలిగినదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దు గూకడానికి అరగంట ముందు, గడ్డి నిలిచిన ఏ బీడు దగ్గరైనా దూరంగా నిలబడండి. పడకలోకి నడవకండి, లైట్లు వేయకండి, డ్రోన్లు ఎగరేయకండి. బూడిద రంగువి ఎన్ని, గోధుమ రంగువి ఎన్ని దిగాయో, ఏ దిక్కు నుంచి వచ్చాయో, ఆ దిక్కున ఏ పంట ఉందో, దానికి మందు ఎప్పుడు కొట్టారో రాసుకోండి. ఏటా ఫిబ్రవరిలో జరిగే దేశవ్యాప్త పక్షుల గణన సమయానికి శనగ కోతలు సాగుతూ ఉంటాయి, పక్షులు ఇంకా వెళ్ళి ఉండవు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క సాయంత్రం లెక్కను ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏ పక్షీ రాకపోతే సున్నా అని ఎక్కించండి, ఆ సున్నాకు కూడా విలువ ఉంది.